పదివేలు పెడితే చేతికెంత వస్తుంది

మార్చి నెలలో గుంటూరు బైపాస్ మీదికి వస్తే, కొత్త కాయ యార్డుకు చేరిందన్న సంగతి కళ్లకంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. మొన్న అలాగే మిరపకాయల బస్తాలు ఎత్తుకున్న లారీల వరస వెనక మా ఆటో ఇరుక్కుపోయింది. ఘాటుకి గొంతు పట్టేసి, కళ్లనీళ్లు కారుతుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడే ఫోన్ మోగింది. ఏదో పెట్టుబడి యాప్ వాళ్ల సందేశం. పైసా ఖర్చు లేదట, రెండు నిమిషాల్లో ఖాతా తెరుచుకోవచ్చట, తలుచుకుంటే ఉన్నచోటు నుంచి కదలకుండా షేర్లు కొనెయ్యొచ్చట. దగ్గుతూనే నవ్వాను. "పదివేలు పెట్టి కొని, అదే ధరకి అమ్మేస్తే చేతికెంత వస్తుంది?" అని పైకే అనేశాను. ఆటో డ్రైవరు అద్దంలోంచి నావైపు అనుమానంగా చూశాడు. ఆ మాట నాది కాదు, కరుణమ్మ టీచర్‌ది. ఆవిడ పోయి ఆరేళ్లవుతోంది. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. చూసి ఉంటే మరిచిపోయేవాళ్లు కాదు, అది మాత్రం ఖాయంగా చెప్పగలను.

ప్రత్తిపాడు దగ్గర మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో ఆవిడ నాకు నాలుగో తరగతి, ఐదో తరగతి లెక్కలు చెప్పింది. పొట్టి మనిషి, గంజిపెట్టిన నూలు చీర, ఎండున్నా లేకపోయినా చేతిలో నల్ల గొడుగు. వాళ్ల నాన్న యార్డులో హమాలీ. బస్తాలు మోసిన డబ్బుతో కూతుర్ని టీచర్ ట్రైనింగ్ చదివించాడు. రోజూ గుంటూరు నుంచి బస్సులో వచ్చి పోయేది. ఒకసారి నా చదువు సంగతి మాట్లాడటానికి మా ఇంటికి వస్తే, మా నాయనమ్మ గూట్లోంచి వేరే గ్లాసు తీసి మంచినీళ్లిచ్చింది. ఆ గ్లాసు ఎందుకు వేరో మా ఇంట్లో అందరికీ తెలుసు. టీచర్‌కీ తెలుసు. ఆవిడ గ్లాసు అందుకుని, అరుగు మీద పెట్టి, దాహం లేదండీ అని, నా చదువు గురించి చెప్పాల్సిందంతా చెప్పి, గ్లాసు ముట్టకుండానే వెళ్లిపోయింది. మే నెల మిట్టమధ్యాహ్నం అది. నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యాక పడ్డ సిగ్గు ఇప్పటికీ పోలేదు, పోకూడదు కూడా.

ఆవిడ లెక్కలు పుస్తకంలోంచి చెప్పేది కాదు. ఎవరింట్లోనైనా మిరపకాయలు అమ్మి వస్తే యార్డులో ఇచ్చిన చీటీ తెమ్మనేది. ఇన్ని బస్తాలు, ఇంత తూకం, ఇంత ధర, అందులోంచి కమీషను, హమాలీ, కాటా కూలి పోను రైతుకు మిగిలింది ఇంత. మేం చేత్తో కూడి, తీసివేసి, చీటీలో అంకె సరిగ్గా వచ్చిందని సంబరపడేవాళ్లం. అప్పుడు అడిగేది, ఈ చీటీలో లేనిదేమిటని. మాకు తెలిసేది కాదు. ఆవిడే చెప్పింది. కొనేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, బస్తా మూతి విప్పి, కాయ ఎలా ఉందో చూడటానికి మచ్చు అని గుప్పెడు తీస్తారు. చూశాక ఆ గుప్పెడు మళ్లీ బస్తాలో పడదు. పదిమంది వస్తే పది గుప్పెళ్లు. చీటీలో దానికి గడి లేదు. అదంతా కలిపితే ఎన్ని కేజీలవుతుందో ఇంటికెళ్లి అడిగి రమ్మంది. మా నాన్న నవ్వి, అది ఆనవాయితీ, దానికి లెక్కేంటమ్మా అన్నాడు. మర్నాడు అదే చెబితే టీచర్ నవ్వలేదు. ఆనవాయితీకి కూడా బరువుంటుంది, కాటా మీద పెట్టి చూడమని మీ నాన్నకు చెప్పు అంది. నేను చెప్పలేదు. చెబితే వీపు పగిలేది.

పదకొండేళ్ల తర్వాత, రెండువేల ఆరు ప్రాంతంలో, బి.కాం. పూర్తిచేసి బ్రాడీపేటలో ఉద్యోగంలో చేరాను. ఇంటర్నెట్‌లో షేర్లు కొని అమ్ముకునే సౌకర్యం ఇచ్చే ఒక కంపెనీ బ్రాంచి అది. కింద మందుల షాపు, పైన కోచింగ్ సెంటరు, మధ్య అంతస్తులో మేము. ఏసీ, ఆరు కంప్యూటర్లు, గోడకు పెద్ద టీవీ. నెలకు పదిహేను ఖాతాలు తెరిపించాలి, అదీ నా పని. ఆ రోజుల్లో మార్కెట్ ఎలా పెరుగుతోందంటే, పత్తి అమ్మిన డబ్బు, పొగాకు అమ్మిన డబ్బు, ఆఖరికి ఆడపిల్లల గాజులు తాకట్టుపెట్టిన డబ్బు కూడా మా మెట్లెక్కి వచ్చేది. నేను పొద్దున్నే ఇస్త్రీ చుడీదార్ వేసుకుని, మెళ్లో కార్డు తగిలించుకుని తెగ మురిసిపోయేదాన్ని. కాస్త పొగరుగానే ఉండేదాన్ని, దాచడమెందుకు.

ఒక సోమవారం పొద్దున కరుణమ్మ టీచర్ ఆ మెట్లెక్కి వచ్చింది. అదే గొడుగు. నన్ను చూసి, నువ్వు విజయవి కదూ, తీసివేతలో ఒకటి అప్పు తెచ్చుకోవడం మర్చిపోయేదానివి అంది. రిటైరైందట. చేతికొచ్చిన డబ్బంతా బ్యాంకులో ఉంది. ఆ డబ్బుతో ఆవిడకు కావాల్సింది ఒక్కటే, సొంత ఇల్లు. అదెందుకో చెప్పాలి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆవిడ పదకొండు ఇళ్లు మారింది. ఇల్లు చూడటానికి వెళితే అద్దె సంగతి కంటే ముందు, మీరేమిట్లు అని అడిగేవాళ్లు. పెళ్లిచేసుకోలేదు, ఒంటరి మనిషి, ఏదో ఒకటి చెప్పి సరిపెట్టుకోవచ్చు కదా అని స్నేహితులు అనేవాళ్లట. ఆవిడ ఏనాడూ సరిపెట్టుకోలేదు. మాలవాళ్లం, చర్చికి వెళతాం అని గట్టిగా చెప్పి, గేటు మూసుకుంటే ఇంకో గేటు దగ్గరికి వెళ్లేది. ఇప్పుడు ఊరి చివర ఐదు సెంట్ల స్థలం కొనాలంటే ఆవిడ డబ్బు సగానికి కొంచెం ఎక్కువగా సరిపోతుంది. స్థలాల ధరలేమో నెలకో రకంగా ఎగురుతున్నాయి. అందుకని పోస్టాఫీసు, బ్యాంకు, మా కంపెనీ, ఇంకో రెండు కంపెనీలు, అన్నీ చూసి నిర్ణయించుకుంటానని ఒక నోటుబుక్కు పట్టుకుని బయల్దేరింది. ఆ డబ్బు పోతే ఇంకో ముప్పై ఏళ్లు లేవు కదమ్మా అంది నాతో, మామూలుగా.

మా మేనేజరు హుషారైన మనిషి. టీచర్‌ని కూర్చోబెట్టి కంప్యూటర్‌లో అన్నీ చూపించాడు. క్షణక్షణం మారే ధరలు, రంగురంగుల గ్రాఫులు, పొద్దున్నే ఫోన్‌కి వచ్చే సలహాలు, మీ డబ్బుకు నాలుగింతలు కొనుక్కునేలా కంపెనీ ఇచ్చే అప్పు, ఇవన్నీ ఖాతా తెరిస్తే ఉచితమన్నాడు. ఆవిడ ఓపిగ్గా విని, నోటుబుక్కులో రాసుకుని, అడిగింది.

"నేను పదివేలు పెట్టి ఈ రోజు కొన్నాను. రేపు అదే ధరకి అమ్మేశాను. లాభం లేదు, నష్టం లేదు. నా చేతికెంతొస్తుందండీ?"

బ్రోకరేజీ చాలా తక్కువ మేడమ్, పైసల్లో ఉంటుంది అన్నాడు మేనేజరు. పైసల్లో అంటే ఎన్ని పైసలని ఆవిడ అడిగింది. అది వాల్యూమ్ మీద ఆధారపడుతుందన్నాడు. వాల్యూమ్ చెప్పానుగా, పదివేలు అంది. అతని ఫోన్ మోగింది, లేక మోగినట్టు నటించాడో, లేచి వెళ్లాడు. టీచర్ నావైపు తిరిగి, వచ్చే సోమవారం వస్తాను, తెలుగులో కాగితం మీద రాసి ఉంచు అంది. హోంవర్క్ ఇచ్చినట్టే ఇచ్చింది.

రాశాను. కానీ మేనేజరు చెప్పినట్టు రాశాను. బ్రోకరేజీ ఒక్కటే వేసి, నూటికి ఇంత అని అందంగా గీతలు గీసి ఇచ్చాను. నా నెల లెక్కలో ఇంకా నాలుగు ఖాతాలు తక్కువున్నాయి, అంత పెద్ద మొత్తం ఇంకెవరూ తేరు. ఆవిడ కాగితం ఒకసారి పైనుంచి కిందికి చదివింది. నా మొహం చూసింది. "చీటీ బాగానే రాశావ్ విజయా. మచ్చు ఏదమ్మా?" అంది. నేను తల దించుకున్నాను. ఆవిడ తిట్టలేదు. ఖాతా దరఖాస్తు ఫారం సంతకం పెట్టకుండానే మడిచి సంచిలో పెట్టుకుని, ఇంకో వారం టైమిస్తాను అని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదని ఒప్పుకోవడానికి కొన్ని రోజులు పట్టింది.

ఆ వారంలోనే మా నాన్న సంగతి జరిగింది. అంతకు మూడు నెలల ముందు నేనే ఆయన చేత ఖాతా తెరిపించాను. ఆ ఏడు కాయ మీద వచ్చిన డబ్బు అందులో పెట్టి, కంపెనీ ఇచ్చే అప్పు కూడా వాడుకుని నాలుగింతలు కొన్నాడు. మధ్యలో ధరలు తగ్గాయి. ఆయన ఏమాత్రం కంగారుపడలేదు. మిరప రైతులకు అదొక అలవాటు. ధర లేనప్పుడు బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఆ సరుకు మీద బ్యాంకులో అప్పు తెచ్చుకుని, ధర పెరిగేదాకా నెలలు నెలలు ఎదురుచూస్తారు. సరుకు తమ పేరు మీదే ఉంటుంది. షేర్లు కూడా అంతేననుకున్నాడు. "లోపల పెట్టామమ్మా, చల్లగా ఉంటాయి, ధర వచ్చినప్పుడు తీద్దాం" అన్నాడు నాతో. ఆ మాట విని నేనూ ఊఁ కొట్టాను. మార్కెట్ బాగా పడిన ఒక మధ్యాహ్నం, అప్పు మీద కొన్న షేర్లన్నీ కంపెనీ తనంతట తనే అమ్మేసింది. ఖాతా తెరిచిన రోజు ఆయన పెట్టిన ముప్పై సంతకాల్లో ఒకటి అందుకు ఒప్పుకున్నట్టట. సాయంత్రం ఆయన మా ఆఫీసుకు వచ్చి, టీవీ కింద బెంచీ మీద కూర్చున్నాడు. కోల్డ్ స్టోరేజీవాడు కూడా వేలం వేసేముందు ఇంటికి మనిషిని పంపిస్తాడే అన్నాడు. అంతే. నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు నేను కంపెనీ రూల్సు కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఇంగ్లీషులో చీమతలకాయంత అక్షరాలు. మా బ్రాంచిలో ఆ కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదివిన మొదటి మనిషిని నేనేనేమో. కొన్నప్పుడు బ్రోకరేజీ, అమ్మినప్పుడు బ్రోకరేజీ, తక్కువ ధర షేర్లయితే షేరుకు కనీసం ఇంతని వేరే లెక్క. దాని మీద సర్వీసు టాక్సు, లావాదేవీ పన్ను, స్టాంపు. అమ్మిన ప్రతిసారీ, షేర్లు దాచి ఉంచే డీమాట్ ఖాతాలోంచి తీసినందుకు ఒక రుసుము, ఏడాదికి ఆ ఖాతా ఉంచుకున్నందుకు ఇంకొకటి. సాఫ్ట్‌వేర్‌కి నెలకింత. మూడు నెలలు ఏమీ కొనకుండా, అమ్మకుండా ఊరుకుంటే ఊరుకున్నందుకు కూడా రుసుము. కంపెనీ అప్పుకి రోజువడ్డీ. అన్నీ తెలుగులో రాశాను. ధర ఏమీ మారకపోయినా పదివేలు పెట్టిన మనిషికి తొమ్మిదివేల ఎనిమిదివందల చిల్లర వస్తుంది, ఏడాది రుసుములు కూడా కలిపితే తొమ్మిదివేల చిల్లరే. కింద ఇంకో మాట రాశాను, అప్పు తీసుకుంటే మిమ్మల్ని అడక్కుండా అమ్మేసే హక్కు కంపెనీకి ఉంటుందని. దాని కింద గీత గీశాను. ఆ గీత మా నాన్న కోసం.

సోమవారం టీచర్ వచ్చింది. అందరి ముందూ కాగితం చేతికిచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. నలభై మందికి వినబడేలా పాఠం చెప్పిన గొంతు అది. ఊరుకున్నందుకు రుసుము దగ్గర ఆగి, అమ్మకుండా ఇంట్లో పెట్టుకున్న కాయకి యార్డువాళ్లు జరిమానా వేస్తారా అని పక్కన కూర్చున్న రైతును అడిగింది. అతను నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి తన ఫారం జేబులో పెట్టుకున్నాడు. మేనేజరు గదిలోంచి వచ్చాడు. నన్ను కళ్లతోనే చంపేసి, టీచర్ ఎదురుగా నిలబడ్డాడు. ఇన్ని లెక్కలు చూసుకునేవాళ్లు మార్కెట్లోకి రాకూడదు, ఇది మీలాంటివాళ్లకు పనికిరాదు మేడమ్ అన్నాడు.

టీచర్ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"లెక్క చూసుకునేవాళ్లు రాకూడదంటే, చూసుకోనివాళ్ల డబ్బుతో నడుస్తుందన్నమాట మీ కొట్టు" అంది. "మీలాంటివాళ్లు అన్నారే, అదీ చెప్పండి. ఎలాంటివాళ్లం? నేను విని చాలా కాలమైంది."

అతను నా వైపు తిరిగి, ఈ కాగితం తప్పని మేడమ్‌కి చెప్పు, చెప్పి సారీ రాసివ్వు, లేకపోతే కార్డు టేబుల్ మీద పెట్టి వెళ్లు అన్నాడు. అప్పటికి ఆ జీతమే మా ఇంటికి ఆధారం. కాయ డబ్బు పోయింది, అందులో నా చెయ్యి ఉంది. టీచర్ నాకు సాయం రాలేదు. నావైపు చూడను కూడా చూడలేదు. జవాబు నేనే తేవాలన్నట్టు గోడకేసి చూస్తూ కూర్చుంది. "లెక్క తప్పుంటే చూపించండి సార్, దిద్దుతాను" అన్నాను. అతను కాగితం వైపు చూడకుండా వేలితో టేబుల్ చూపించాడు. కార్డు తీసి టేబుల్ మీద పెట్టాను. మెట్లు దిగాక కింద మందుల షాపు ముందు నిలబడి ఏడ్చాను. టీచర్ గొడుగు విప్పి నా మీద పట్టి, ఏడుపు అయ్యేదాకా అక్కడే నిలబడింది. తర్వాత, తీసివేత ఈసారి సరిగ్గా చేశావ్ అంది.

ఆ తర్వాత ఆవిడ ఏం చేసిందో చెబుతాను, ఎందుకంటే అద్భుతమేదో జరిగిందని మీరు అనుకోవచ్చు. జరగలేదు. డబ్బులో రెండు వంతులు పోస్టాఫీసులో పెట్టింది. మిగతా వంతుకు, నోటుబుక్కులో మూడు కంపెనీలనూ పక్కపక్కన రాసి చూసి, అన్నిటికన్నా బోసిగా ఉన్నదాన్ని ఎంచుకుంది. అందులో గ్రాఫుల్లేవు, సలహాల ఫోన్లు లేవు, అప్పు అసలే లేదు. నెలనెలా కొంత మ్యూచువల్ ఫండ్‌లో వేసుకోవచ్చు, ఎప్పుడెంత రుసుము తీసుకుంటారో ఒక్క పేజీలో ఉంది. రెండేళ్లకు మార్కెట్ కుప్పకూలింది. బ్రాడీపేటలో ఆ బ్రాంచి బోర్డు దిగిపోయింది. ఆవిడ మాత్రం నెలనెలా వేస్తూనే ఉంది. భయం వెయ్యలేదా టీచర్ అంటే, వేసింది, అయినా వేశాను అంది. మరో రెండేళ్లకు అన్నీ తీసి చూసుకుంటే, కట్టుబడి ఖర్చు పోను అనుకున్న ఐదు సెంట్లు రాలేదు. రెండున్నర సెంట్లు వచ్చాయి. అందులోనే రెండు గదులు, పైన ఒక చిన్న వాటా కట్టించింది. తక్కువైందని ఆవిడ ఎవరి దగ్గరా వాపోలేదు.

ఆ పై వాటాలో మొదట అద్దెకు దిగింది నేను, మా ఆయన. మా వాళ్లలో కొందరికి అది మింగుడుపడలేదు. పోయి పోయి వాళ్లింట్లో అద్దెకా అని మా మేనత్త ఇంటికొచ్చి మరీ అడిగింది. అవును, మంచినీళ్లు కూడా వాళ్లవే తాగుతాం అని చెప్పాను. మేనత్త ఆరునెలలు మా గుమ్మం తొక్కలేదు. టీచర్ నాకు ఒక్క రూపాయి తగ్గించలేదు. చేరిన రోజున ఒక కాగితం చేతిలో పెట్టింది. అద్దె ఇంత, కరెంటు మీటరు ప్రకారం, నీళ్ల మోటారుకు ఇంత, సున్నం వేయించినప్పుడు ఖర్చు నాది, ఖాళీ చేసేటప్పుడు నీ అడ్వాన్సులోంచి ఒక్క పైసా పట్టుకోను. ఇందులో లేనిది నిన్నెప్పుడూ అడగను, చదివి సంతకం పెట్టు అంది. నేను చదువుతున్నంతసేపూ వాకిట్లో నిలబడి తన గోడను అరచేత్తో రాస్తూ ఉంది. ఆ ఇంట్లో ఆవిడ తొమ్మిదేళ్లుంది. తన మంచం మీదే, తన కప్పు కిందే కన్నుమూసింది.

ఇప్పుడు నాకు చిన్న ఆఫీసుంది. రైతులు, టీచర్లు, నేతపని చేసేవాళ్లు, రిటైరైనవాళ్లు తమకొచ్చిన పెట్టుబడి స్కీముల కాగితాలు పట్టుకొస్తారు. ఏ యాప్ మంచిదో చెప్పమంటారు. నేను చెప్పను, అడగడం నేర్పుతాను. అప్పుడప్పుడు వాళ్ల తరఫున నేనే కంపెనీలకు ఫోన్ చేసి టీచర్ అడిగిన ప్రశ్నే అడుగుతాను. అటువైపు నుంచి చురుకైన గొంతులు ఇంగ్లీషు కలిపి గబగబా చెబుతాయి. మళ్లీ చెప్పమంటాను. ఇంత చిన్న మొత్తానికి ఇన్ని ప్రశ్నలెందుకు మేడమ్ అంటారు. చిన్న మొత్తం మీకు అంటాను. నెమ్మదిగా, అంకెలతో, తెలుగులో చెప్పేదాకా ఫోన్ పెట్టను. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.